రాలిన కాయ ఎవరిది

కోడిపెట్ట పొయ్యి

డెబ్బైల్లో నేను తిరువూరు చుట్టుపక్కల ఊళ్ళలో గ్రామసేవికగా పనిచేశాను. ఆ ఉద్యోగం ఇప్పుడు ఆ పేరుతో లేదు కాబట్టి ఏం చేసేదాన్నో ముందే చెప్పాలి. బస్సు దిగి, గట్ల మీద నడిచి ఊళ్ళోకి వెళ్ళి, ఆడవాళ్ళను కూర్చోబెట్టి, పొగరాని పొయ్యి ఎలా కట్టుకోవాలో, పెరట్లో ఏ ఆకుకూర వేసుకోవాలో, పసిపిల్లలకు ఏం పెట్టాలో చెప్పడం నా పని. చెప్పింది వాళ్ళు విన్నారా లేదా అన్నది వేరే సంగతి.

చేరిన కొత్తలో ఒక ఊళ్ళో పట్టుబట్టి పొయ్యిలు కట్టించాను. పై అధికారులు వచ్చి చూశారు. ఏ ఇంట్లో చూసినా పొయ్యి మండుతోంది, గొట్టంలోంచి పొగ బుద్ధిగా బయటికి పోతోంది. అందరూ మెచ్చుకున్నారు, నేనూ ఉబ్బిపోయాను. తర్వాత ఒకసారి చెప్పాపెట్టకుండా అదే ఊరు వెళ్తే, నేను కట్టించిన పొయ్యిలో కోడిపెట్ట గుడ్లు పొదుగుతోంది. ఆ ఇంటావిడ వాకిట్లో రాళ్ళపొయ్యి మీద కూర వండుకుంటోంది.

"ఇదేంటమ్మా?" అన్నాను.

"మీ పొయ్యి పెద్దోళ్ళు వచ్చినప్పుడు ఎలిగిస్తామండీ. తతిమ్మా రోజుల్లో పెట్టకి బాగుంది, గాలి తగలదు" అంది ఆవిడ, ఏమాత్రం జంకు లేకుండా.

అప్పట్నించి నాకు అనుమానం జబ్బు పట్టుకుంది. ఎవరైనా చూడటానికి వచ్చినప్పుడు కనబడేదాన్ని నేను నమ్మను. మా ఇంట్లోవాళ్ళు దీన్ని నా చాదస్తం అంటారు. అననివ్వండి. ఈ అనుమానమే లేకపోతే ఉద్యోగమంతా మండుతున్న పొయ్యిలే చూసి రిటైరయ్యేదాన్ని.

ఈ మధ్య వ్యవసాయ శాఖలో కొత్తగా చేరిన అమ్మాయిలు నా దగ్గరకు వస్తుంటారు. ఫార్మ్ టూరిజం వస్తే పల్లె బాగుపడుతుందని ట్రైనింగులో చెప్పారట, నిజమేనా అని అడుగుతారు. అప్పట్లో ఆ పేరు లేదు గానీ ఆ పని నేను దగ్గరుండి చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

బెజవాడ బస్సు

తిరువూరు నుంచి విస్సన్నపేట వైపు వెళ్ళే దారిలో, రోడ్డుకి కాస్త లోపలగా రాఘవయ్య గారి మామిడితోట ఉండేది. ఊరి పేరు రాయను. రాఘవయ్య అన్న పేరు కూడా నేను మార్చిందే. పెద్ద తోట, ఎక్కువగా రసాలు, గట్టు పొడవునా కలెక్టరు కాయ చెట్లు. రాఘవయ్య గారు మోతుబరి రైతే అయినా మాటకు మెత్తన. నన్ను "అమ్మాయ్" అని పిలిచేవారు. ఎండలో వచ్చానని మజ్జిగ ఇప్పించకుండా పంపేవారు కాదు.

ఆయన బావమరిది ప్రసాదు బెజవాడలో ఉండేవాడు. అద్దె బస్సుల వ్యాపారం. ఒక కార్తీకమాసంలో వనభోజనాలకని బెజవాడ వాళ్ళను ఒక బస్సు నిండా ఈ తోటకు తెచ్చాడు. వచ్చినవాళ్ళు మురిసిపోయారు. చెట్టుకింద తిండి, ఎడ్లబండి ఎక్కడం, ఏతాం చూడటం. ప్రసాదు బుర్ర ఊరుకోలేదు. కార్తీకంలోనే ఎందుకు, ప్రతి ఆదివారం తెస్తే ఏం పోయింది అన్నాడు. దానికి 'పల్లె దర్శనం' అని పేరు కూడా పెట్టాడు. పల్లె అంటే గుళ్ళో మూలవిరాట్టు కాదు కదా దర్శనం ఇవ్వడానికి అని నాకు అప్పుడే ఒళ్ళు మండింది.

మా పై అధికారికి మాత్రం ఇది తెగ నచ్చింది. ఆయన చెడ్డ మనిషి కాదు. చేయి చాచేవాడు కాదు, కేకలు వేసేవాడు కాదు. ఆయనకున్న జబ్బల్లా ఒకటే, దేన్నైనా కెమెరాలోంచి చూసేవాడు. నన్ను పిలిచి, "మీ మహిళా మండలి వాళ్ళని కూడా తోటలోకి దింపండి. పనీ దొరుకుతుంది, మన పంచాయతీ సమితికి పేరూ వస్తుంది" అన్నాడు.

"ఏం పని సార్?" అన్నాను.

"పల్లెటూరి పనులే. దంచడం, చెరగడం, అలాంటివి."

"ఇప్పుడు ఎవరూ దంచట్లేదండి. మిల్లు వచ్చిందిగా."

"అదే కదమ్మా చూపించాల్సింది!" అన్నాడు ఉత్సాహంగా.

దంచిన వడ్లే దంచి

ఆదివారాలు మొదలయ్యాయి. రాఘవయ్య గారి పెరట్లోంచి పాత రోలు తెచ్చి, అటక మీంచి రోకళ్ళు దించారు. మహిళా మండలి తరఫున పేట నుంచి నేను తీసుకొచ్చిన ఆడవాళ్ళకు ఒకే రంగు చీరలు ఇచ్చి, సాయంత్రం మళ్ళీ తీసుకునేవారు. పేట అంటే ఊరి చివర కూలి కుటుంబాలు ఉండే చోటు. వాళ్ళంతా క్రైస్తవులు. ఆదివారం చర్చికి వెళ్ళాలని వాళ్ళు అడిగితే, ప్రార్థన పొద్దున్నే ముగించుకుని రమ్మన్నాడు ప్రసాదు.

వాళ్ళ పెద్ద మరియమ్మ. పెద్ద అంటే వయసులో కాదు, నోట్లో. నడివయసు మనిషి, బక్కపలచగా ఉండేది, ఏ మాటకైనా సమాధానం సిద్ధంగా ఉండేది. దంచడం మొదలుపెట్టిన కాసేపటికి నా చెవిలో అంది, "అమ్మగారూ, మా భుజాలు పడిపోయి దేవుడికి మొక్కుకుంటే మిల్లొచ్చింది. ఇప్పుడు మళ్ళీ దంచమంటన్నారు. దేవుడి మీద కోపమా మా మీద కోపమా?"

నాకు నవ్వాగలేదు. దగ్గరికెళ్ళి రోట్లోకి చూస్తే ఇంకా నవ్వొచ్చింది. ఆ బియ్యం భోజనానికి కాదు. దంచినవాటినే పొట్టుతో కలిపి మళ్ళీ దంచుతున్నారు. భోజనానికి బియ్యం మిల్లు నుంచే వచ్చింది. ఇక వంటంటారా, 'అచ్చమైన పల్లె భోజనం' వండింది బెజవాడ నుంచి బస్సులో వచ్చిన వంటవాడు. పేట వాళ్ళు వండితే వచ్చినవాళ్ళలో కొందరు తినరేమో అని ప్రసాదు భయం. మా వాళ్ళకు దక్కింది గిన్నెలు తోమడం, ఎంగిలి విస్తళ్ళు ఎత్తడం. పల్లెకు దర్శనం ఎలా జరుగుతోందో ఆ ఒక్క పూటతోనే నాకు అర్థమైంది.

అయితే లాభం ఏమీ లేదంటే అబద్ధమాడినట్టే. బండి తోలే అతనికి ఆదివారం మంచి పని దొరికింది. రోడ్డు మీద సోడా కొట్టు పెట్టుకున్నతను కొట్టుకి రేకులు వేయించాడు. కొబ్బరి బొండాలవాళ్ళు, మల్లెపూలవాళ్ళు బాగుపడ్డారు. నేను కళ్ళారా చూశాను. చూశాకే నా అనుమానం ఇంకా గట్టిపడింది. బాగుపడ్డవాళ్ళంతా అప్పటికే ఏదో ఒకటి చేతిలో ఉన్నవాళ్ళు. బండో, కొట్టో, చెట్టో. పేట వాళ్ళకు అలా తమదని చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఉన్నదల్లా తరాల నుంచి వస్తున్న ఒక అలవాటు. అది బెజవాడ వాళ్ళ కంట్లో పడింది.

గంప కనబడకూడదు

మా వైపు మామిడితోటల్లో ఒక కట్టుబాటు ఉండేది. చెట్టు మీద కాయ రైతుది. గాలికి రాలిన కాయ తోటలో పనిచేసే కూలీలది. ఎవరూ రాసుకున్నది కాదు, ఎవరూ కాదన్నదీ కాదు. తెల్లారగానే పేట ఆడవాళ్ళు గంపలతో వచ్చి రాలినవన్నీ ఏరుకెళ్ళేవాళ్ళు. చెక్కు తీసి, ముక్కలు కోసి, ఉప్పు రాసి, ఇళ్ళ కప్పుల మీద ఎండబెట్టేవాళ్ళు. వేసవిలో పేట మీదుగా నడిస్తే పులుపు వాసనకు నోరూరేది. ఆ ఒరుగులు తిరువూరు అంగళ్ళలో ఇచ్చి బియ్యం, నూకలు తెచ్చుకునేవాళ్ళు. కోతలు అయిపోయాక మళ్ళీ నాట్లు పడేదాకా పొలాల్లో పని ఉండదు. ఆ రోజుల్లో పేటలో పొయ్యి వెలిగిందంటే అది ఒరుగుల వల్లే.

ఒక ఆదివారం బస్సు కాస్త ముందుగా వచ్చింది. మరియమ్మ వాళ్ళు గంపలు నెత్తిన పెట్టుకుని గేటులోంచి బయటికి వస్తున్నారు. బస్సు దిగుతున్న ఒకావిడ ప్రసాదును అడిగింది, "అదేంటండీ, కాయలు అలా తీసుకెళ్ళిపోతున్నారు? దొంగలా?"

ఆవిడ తెలియక అడిగింది. ప్రసాదు ఏం చెప్పాలి? కాదండీ, అది వాళ్ళ వంతు అని చెప్పాలి. ఒక్క ముక్క. అతను సిగ్గుపడి నవ్వేసి ఊరుకున్నాడు. సాయంత్రం బావగారి చెవిలో ఊదాడు. గంపలు కనబడితే తోటకు అప్రతిష్ట అని ఒకటి. బెజవాడ పిల్లలకు రాలిన కాయ ఏరుకోవడమంటే సరదా, వాళ్ళ కోసం కింద కాయలు ఉంచాలని ఇంకొకటి. మర్నాటి నుంచి గేటుకి తాళం పడింది. రాలిన కాయలు ఆదివారం దాకా కదిలించకూడదని కాపలావాడికి చెప్పారు.

మరియమ్మ తిన్నగా తిరువూరులో నా గదికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మీరు దించినారు కదండీ మమ్మల్ని తోటలోకి. చీరలు కట్టించినారు. ఇప్పుడు మా కాయలు మాకు లేవంటన్నారు. మీరు చెప్పండి, ఈ ఎండాకాలం మా పిల్లలు ఏం తింటారు?"

"ఆదివారం కూలి ఇస్తున్నారుగా మరియమ్మా" అన్నాను, ఏమంటుందో చూద్దామని.

"ఆదివారం కూలికి ఆదివారం తింటాం. తతిమ్మా దినాలు?"

నేను రాఘవయ్య గారి దగ్గరకు వెళ్ళాను. మజ్జిగ వచ్చింది. తాగకుండా పక్కన పెట్టి విషయం చెప్పాను. ఆయన ఇబ్బందిగా కదిలారు.

"అమ్మాయ్, నాకూ బాధగానే ఉంది. కానీ రాలిన కాయ ఏరుకోవడం కంటే కూలి తీసుకోవడం గౌరవం కాదూ? రేపు ఈ బస్సులు రోజూ వస్తాయనుకో, వాళ్ళకి రోజూ పనే."

"రోజూ వస్తాయా అండీ?"

"ప్రసాదు వస్తాయంటున్నాడు."

"అప్పటిదాకా?"

ఆయన మజ్జిగ గ్లాసు మళ్ళీ నా వైపు జరిపారు. ఆయన మెత్తదనం మీద నాకు ఎప్పటినుంచో అనుమానమే. గట్టిగా ఉండేవాడు ఎటు ఉంటాడో తెలుస్తుంది. మెత్తటి మనిషి చివరిగా ఎవరు మాట్లాడితే వాళ్ళ వైపు ఒరిగిపోతాడు. నేను వచ్చేశాక ఆయనతో ప్రసాదు మాట్లాడి ఉంటాడు, తాళం అలాగే ఉండిపోయింది. కొత్తగా చేరుతున్న పిల్లలకు ఇది గట్టిగా చెబుతున్నాను. మంచివాడు కదా అని పెద్దమనిషి మాట మీద కూలివాళ్ళ తిండిని వదిలిపెట్టి రాకండి.

సోమవారం గాలివాన

ఆ వేసవిలో ఒక సోమవారం గాలివాన వచ్చింది. మాకు అలవాటైన గాలే. సాయంత్రం ధూళి లేచి, కాసేపు విరగబడి, నాలుగు చినుకులు రాల్చి పోతుంది. ఆసారి మాత్రం తోటను దులిపేసింది. పొద్దున చూస్తే చెట్టు కింద అడుగు పెట్టడానికి చోటు లేదు, అంతా కాయే. మామూలుగా అయితే ఆపాటికి పేటంతా తోటలో ఉండేది. చంటిపిల్లలతో సహా వచ్చి పొద్దెక్కేలోగా శుభ్రం చేసేసేవాళ్ళు.

ఎవరూ రాలేదు. కుర్రకారు కంచె దాటుదామంటే మరియమ్మ ఒప్పుకోలేదట. "ఆదివారం దాకా కదిలించొద్దన్నారు కదా. కదిలించొద్దు" అందట.

తోటలో ఆ మాటే నిలబెట్టారు. ప్రసాదు కబురు పంపాడు, ఇన్ని కాయలు కింద ఉంటే పిల్లలకు పండగే, అలాగే ఉంచండని. రాఘవయ్య గారు పుట్టిపెరిగిన రైతు. తడిసిన నేల మీద, ఆ ఎండకు, దెబ్బతిన్న కాయ ఏమవుతుందో ఆయనకు ఒకరు చెప్పాలా? కానీ ఆయన జన్మలో ఎప్పుడూ తోటలో రాలిన కాయ కుళ్ళడం చూడలేదు. కుళ్ళేదాకా ఎప్పుడూ ఉండలేదు కాబట్టి. గంపలతో వచ్చేవాళ్ళు తీసుకుంటున్నారనే ఆయన అనుకున్నారు. వాళ్ళు తోటను బాగుచేసి పోతున్నారని అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు. నిజం చెప్పాలంటే నాకూ తట్టలేదు.

ఆదివారం నేను పనిగట్టుకుని వెళ్ళాను. గేటు దగ్గరే వాసన మొహాన కొట్టింది. కాయలు నల్లబడి, చితికి, నీరు కారుతున్నాయి. ఈగలు గుయ్యిమంటున్నాయి. బస్సు దిగినవాళ్ళు జేబురుమాళ్ళు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. ఒక పిల్లాడు కాయ తీద్దామని వంగి, చేతికి పురుగు అంటుకుని ఏడుపు లంకించుకున్నాడు. విస్తళ్ళు వేయగానే ఈగలు వాలాయి. వడ్డన సగంలో ఉండగానే జనం లేచి బస్సు ఎక్కేశారు. అంతకుముందు 'దొంగలా' అని అడిగినావిడ ఆ రోజు కూడా వచ్చింది. "ఇదంతా శుభ్రం చేయించరా మీరు?" అని ప్రసాదును నిలదీసింది. నేను పక్కనే ఉన్నాను. ఆ మాట విని నాకు కలిగిన సంతోషం ఉద్యోగంలో ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా కలగలేదు.

బస్సు వెళ్ళాక రాఘవయ్య గారు కండువా సర్దుకుని పేటకు నడిచారు. ఆయన అటు వెళ్ళడం అంతకుముందు ఎవరూ ఎరగరు. వెనకే నేనూ వెళ్ళాను.

"మరియమ్మా, జరిగిందేదో జరిగింది. రండి, కాయలు ఏరుకోండి. ఎవరూ అడ్డం చెప్పరు" అన్నారాయన.

మరియమ్మ గుమ్మంలోంచే అడిగింది. "ఏ కాయలండీ?"

"అదే, రాలినవి."

"సోమారం రాలినప్పుడు అవి కాయలండీ. ఇప్పుడు పెంట. పెంట ఎత్తాలంటే కూలిపని. అందరం వస్తాం, కూలి ఇప్పించండి. కాయల సంగతి వేరే మాట్లాడుకోవాలి."

"ఇకనుంచి రాలేవన్నీ మీవే."

"ఇక్కడ చెప్తే ఎట్టాగండీ? తోటకాడికి వచ్చి, మీ బావమరిది గారి ముందర చెప్పండి. కాపలా అతను కూడా ఇనాలి."

ఆయన మొహం ఎర్రబడింది. అయినా వెళ్ళి చెప్పారు. ప్రసాదు తల దించుకుని విన్నాడు. గేటు తాళం ఊడింది. తోట బాగుచేయడానికి చాలా శ్రమ పడాల్సి వచ్చింది. కుళ్ళిన కాయల మీద ముసిరిన ఈగ అప్పటికే చెట్ల మీది కాయల్లో గుడ్లు పెట్టేసింది. ఆ ఏడు రసాలు కోస్తే లోపల పురుగే. మంచి కాయ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. పేటలో ఆ వేసవి ఎలా గడిచిందో నాకు తెలుసు. సమితికి పిల్లల కోసం వచ్చే పాలపొడి నేను ఎక్కువసార్లు అటే పంపాను. ఎవరైనా అడిగితే సమాధానం చెప్పుకుందాం అనుకున్నాను, ఎవరూ అడగలేదు.

చప్పట్లు

ఇక్కడితో ఆపితే చదివేవాళ్ళకు బాగుంటుంది. న్యాయం గెలిచిందని నిద్రపోవచ్చు. కానీ నేను తర్వాతి ఏడు కూడా ఆ తోటకు వెళ్ళాను.

బస్సులు మళ్ళీ వస్తున్నాయి. ప్రసాదు తెలివైనవాడు, దెబ్బ తిన్నచోటే దుకాణం పెట్టాడు. మరియమ్మ వాళ్ళు గంపలతో గేటు దాటే వేళకే బస్సు వచ్చేట్టు చూసుకున్నాడు. దిగినవాళ్ళను అక్కడే నిలబెట్టి చెప్పేవాడు, "చూడండి, మా బావగారు రాలిన కాయ ఒక్కటి కూడా ఇంటికి తీసుకెళ్ళరు. అంతా ఈ పేదవాళ్ళకే వదిలేస్తారు. అలాంటి మనసు ఆయనది." వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. రాఘవయ్య గారు సిగ్గుపడుతూ చేతులు జోడించేవారు. గంపలు నెత్తిన పెట్టుకుని ఆడవాళ్ళు ఆ చప్పట్ల మధ్య నుంచి నడిచి వెళ్ళాలి.

మా పై అధికారి ఫోటో తీయించాడు. "చూశారా, మీరు అనవసరంగా అనుమానపడ్డారు. వాళ్ళకి కాయలూ ఉన్నాయి, ఆదివారం కూలీ ఉంది. పల్లె దర్శనం వల్ల లాభమా, నష్టమా?" అన్నాడు నాతో. లెక్కకు ఆయన మాటే నిజం. కాయలు ఉన్నాయి, కూలి ఉంది.

మర్నాడు పేటకు వెళ్ళాను. ఇలాంటివి తెలుసుకోవాలంటే ఆదివారం కాకుండా సోమవారమే వెళ్ళాలి. మరియమ్మ కాయలు చెక్కుతోంది. పక్కనే కూర్చుని, లాభమా నష్టమా అని మా అధికారి అడిగిందే అడిగాను.

ఆమె చేతి పని ఆపలేదు. "మా అత్త ఏరుకునేప్పుడు ఎవురూ చప్పట్లు కొట్టలేదండీ. మా అమ్మమ్మప్పుడూ కొట్టలేదు. అప్పుడు మా కాయలు మేం తెచ్చుకునేవాళ్ళం. ఇప్పుడూ అయ్యే కాయలు, అదే గంప. ఆ చప్పట్లు ఇన్నాక మాత్రం ఎవురో పెడితే తింటన్నట్టుంటంది. లాభమో నట్టమో మీ సారునే రాసుకోమనండి."

అప్పుడు నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు, ఆమె చూసింది కూడా.

ఆ వేసవంతా నేను ఆదివారాలు వెళ్తూనే ఉన్నాను. గేటు దగ్గర చప్పట్లు వినిపిస్తూనే ఉన్నాయి, గంపలు వరసగా పోతూనే ఉన్నాయి. మరియమ్మ మాత్రం ఆ వరసలో లేదు. ఒకసారి వెతుక్కుంటూ తోట వెనక్కి వెళ్ళాను. కంచెలో కంప కాస్త పక్కకు జరిపి ఉంది. ఆమె ముందు గంపను అవతలికి నెట్టి, అటూ ఇటూ చూసి, తను వంగి బయటికి దూరింది. తన కాయలు తను తీసుకుని, ఎవరి కంటా పడకుండా, దొంగలు వెళ్ళే దారిన ఇంటికి వెళ్ళింది.